చప్పుడు చేయని గుటక

మా అన్నయ్యకి మింగడం నేర్పడానికి పెట్టిన అమ్మాయి ఇంకా చదువుకుంటున్న పిల్ల అని తెలిసిన రోజునే నేను క్లినిక్ కౌంటరు దగ్గర గొడవ పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లుగా పైపులు, కొళాయిలు, వాల్వులు అమ్ముకుంటున్నవాణ్ణి. సరుకు చేతిలో పడగానే మొదటి రకమో రెండో రకమో చెప్పేస్తాను. ఆ పిల్ల మెడలో వేలాడుతున్న కార్డు మీద ఫొటో కింద ‘ట్రైనీ’ అని ఉంది. తెల్లకోటు భుజాల దగ్గర వదులు, ఎవరో పొడుగాటి మనిషిది అడిగి తొడుక్కున్నట్టు. అన్నయ్య చక్రాల కుర్చీకి బ్రేకు వేయడం మరిచిపోయింది. కుర్చీ రెండంగుళాలు వెనక్కి జారాక గబుక్కున పట్టుకుంది. రెండో రకం అని మనసులో ఖాయం చేసుకున్నాను.

“మా అన్నయ్యకి పక్షవాతం వచ్చి నెల కూడా కాలేదు. చెయ్యి తిరగడానికి మీకు ఆయనే దొరికాడా?” అన్నాను కౌంటరులో ఉన్నావిడతో.

ఆవిడకి నాలాంటివాళ్లు రోజూ తగులుతూనే ఉంటారు. తల కూడా ఎత్తలేదు. “ఇది కాలేజీ క్లినిక్ సార్. ఇక్కడ చేసేది పిల్లలే. మేడమ్ గారు పక్కనుండి చూస్తూనే ఉంటారు.”

“ఎక్కడ పక్కన? నాకేం కనపడలేదే.”

“అద్దం వెనకాల.”

మళ్లీ గదిలోకి వెళ్లి చూస్తే నిజమే, ఒక గోడంతా నిలువెత్తు అద్దం. మనకి మన మొహమే కనిపిస్తుంది. అవతలి చీకటి గదిలో కూర్చున్నవాళ్లకి మనం కనిపిస్తాం. ఆ పిల్ల చెవిలో శనగగింజంత యంత్రం ఉంది. మేడమ్ అక్కడినుంచి చెప్పేది అందులో వినపడుతుందట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ పిల్ల ఒక్కోసారి ఆగి శూన్యంలోకి చూసేది. అప్పుడు నాకు అర్థమయ్యేది, పెద్దావిడ ఏదో అంటోందని. నాకు ఆ అద్దమంటే మొదటి రోజునుంచీ గుబులే. బేరం చేసేటప్పుడు అవతలివాడి మొహం కనపడకపోతే నాకు ఊపిరి ఆడదు.

మా కొట్టులో లెక్క నాది, మాట అన్నయ్యది. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న పోతే, పంతొమ్మిదేళ్ల అన్నయ్య కొట్టునీ నన్నూ కలిపి నెత్తిన పెట్టుకున్నాడు. కొట్టుకి వచ్చిన ప్రతి మనిషికీ ఒక ముద్దుపేరు పెట్టేవాడు. ఎగ్గొట్టేవాడి చేత కూడా నవ్వించి డబ్బు కట్టించేవాడు. ఆయన ఏం చెప్పినా ఇన్నేళ్లలో నేను కాదన్నది లేదు. కాదనాలని అనిపించిందీ లేదు. అలాంటి మనిషికి కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకే పూట పోయాయి. నోట్లో రెండే మాటలు మిగిలాయి. ఒకటి ‘అదీ’. రెండోది ‘నీళ్లు’.

మిగలక మిగలక ఆ మాటే మిగిలింది. నీళ్లేమో ఇవ్వకూడదు.

ఎందుకివ్వకూడదో ట్రైనీ పిల్ల కాగితం మీద బొమ్మ గీసి చెప్పబోయింది. గొంతు, దానికింద రెండు గొట్టాలు. నేనే పెన్ను లాక్కున్నాను.

“రెండు పైపులు. ఒకటి పొట్టలోకి, ఒకటి ఊపిరితిత్తుల్లోకి. పైన ఒక మూత. మింగినప్పుడు మూత పడాలి. ఈయనకి మూత ఆలస్యంగా పడుతోంది. అంతేనా?”

“అంతే సార్. నాకంటే మీరే బాగా చెప్పారు.”

“ముప్పై ఏళ్లుగా అమ్ముతున్నది అదేనమ్మా.”

ఆ పిల్ల నవ్వింది. అద్దం వైపు ఒకసారి చూసి వెంటనే నవ్వు సర్దుకుంది. “పల్చటి నీళ్లు తొందరగా జారిపోతాయి సార్, మూత పడేలోపే లోపలికి వెళ్లిపోతాయి. అందుకని ఈ పొడి కలిపి తేనెలా చిక్కగా చేసి ఇవ్వాలి. చెంచాతోనే. గడ్డం ఛాతీకి ఆనించి మింగాలి.”

అన్నయ్య ఆ చిక్కటి నీళ్లు మొదటిసారి నోట్లో పెట్టుకుని నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. చంటిపిల్లాడి చేత ఆముదం తాగిస్తే చూస్తాడే, అలా. కాకపోతే చంటిపిల్లాడి కళ్లలో అవమానం ఉండదు.

ఇంట్లో నింపడానికి ఒక కాగితం ఇచ్చారు. రోజూ ఏం తాగాడు, ఎంత తాగాడు, దగ్గాడా, గొంతులో గరగర ఉందా, పొద్దునా సాయంత్రం జ్వరం ఎంత, అన్నీ గళ్లలో నింపాలి. సోమవారం సోమవారం తెచ్చి ఇవ్వాలి. వదినకి చిన్న అక్షరాలు ఆనవు కనుక ఆ పని నేను తీసుకున్నాను.

రెండో వారం ఆదివారం మధ్యాహ్నం వదిన స్నానానికి వెళ్లింది. నేనూ అన్నయ్యా ఇద్దరమే ఉన్నాం. నేను మంచినీళ్లు తాగుతున్నాను. ఆయన కళ్లు నా గ్లాసు మీదే ఉన్నాయి.

“నీళ్లు,” అన్నాడు.

“కలిపిస్తానుండు.”

“నీళ్లు.” ఎడమ చెయ్యి చాచాడు. ఆ చెయ్యి వణకలేదు. కళ్లలోంచి మాత్రం నీళ్లు కారిపోతున్నాయి. నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్లిన మనిషి, గుక్కెడు నీళ్ల కోసం నా ముందు ఏడుస్తున్నాడు.

నేను లెక్క వేశాను. ఒక చెంచా ఇస్తే ఏమవుతుంది? ఇచ్చాను. దగ్గలేదు. రెండు ఇచ్చాను. దగ్గలేదు. నా గొంతులో ఏదైనా అడ్డం పడితే నేను ఇల్లంతా ఎగిరేలా దగ్గుతాను. ఈయన కనీసం కళ్లు కూడా చిట్లించలేదు. అంటే సరైన పైపులోకే వెళ్లాయన్నమాట. అరగ్లాసు తాగించాను. తాగి కళ్లు మూసుకున్నాడు. తరవాత ఎడమ కన్ను కొట్టాడు. పక్షవాతం వచ్చాక మా అన్నయ్య నాకు మళ్లీ కనిపించింది ఆ క్షణంలోనే.

ఆ రోజునుంచి రోజూ వదిన స్నానానికి వెళ్లే వేళకి మా ఇద్దరికీ ఒక రహస్యం ఉండేది. పుస్తకాల చదువు పిల్ల, భయపడి ఎక్కువ జాగ్రత్తలు చెబుతోందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కొత్తగా పనిలో చేరిన ప్లంబరు కూడా అంతే, అర అంగుళం పైపుకి అంగుళం వాల్వు అడుగుతాడు.

గురువారం క్లినిక్‌లో ఆ పిల్ల ప్రతి చెంచా తరవాతా “ఆ అనండి అంకుల్” అంటోంది. అన్నయ్య “ఆ” అన్నప్పుడల్లా మెడ మీద చిన్న స్టెతస్కోపు ఆనించి తల పక్కకి వంచి వింటోంది. మూడోసారి నుదురు ముడిపడింది.

“సార్, ఇంట్లో మామూలు నీళ్లేమైనా ఇచ్చారా?”

“లేదే.” వ్యాపారంలో నా మొహం చూసి నేను కొన్న ధర ఎవడూ పట్టుకోలేదు. ఈ పిల్ల ఎంత.

“గొంతులో కొంచెం తడి వినిపిస్తోంది.”

“కఫం ఉంటుంది. ఆయనకి మొదటినుంచీ ఉంది.”

ఆ పిల్ల ఆగింది. చెవిలో మేడమ్ ఏదో అంటున్నట్టుంది. “సరే మేడమ్,” అని గాలితో చెప్పి, ఫైలులో రాసుకుంది.

ఆదివారం సాయంత్రం వదిన అన్నయ్య నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. “ఒళ్లు వెచ్చగా ఉందేమయ్యా.”

“ఎండలు వదినా.”

“ఎండలు నీకూ నాకూ లేవూ?”

ఆవిడ వంటింట్లోకి వెళ్లాక థర్మామీటరు పెట్టి చూశాను. తొంభై తొమ్మిదిన్నర దాటింది. దులిపి, కడిగి, డబ్బాలో పెట్టేశాను. ఏమీ చూడనట్టు అన్నానికి కూర్చున్నాను.

మర్నాడు కాగితం ఇవ్వాలి. వారమంతా ఒక్క గడి నింపలేదు. కొట్టులో సరుకు చిట్టా కూడా నేను ఇలాగే, వారానికోసారి జ్ఞాపకం మీద నింపేవాణ్ణి. ఒక్కచోట కూర్చుని ఏడు రోజులూ నింపేశాను. చిక్కటి నీళ్లు, చిక్కటి నీళ్లు. దగ్గు లేదు. గరగర లేదు. జ్వరం గడిలో పద్నాలుగు సార్లూ ఒకే అంకె, తొంభై ఎనిమిదీ నాలుగు.

సోమవారం ట్రైనీ పిల్ల ఆ కాగితం రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. గొంతు తగ్గించింది.

“సార్, ఇది ఏ రోజుది ఆ రోజు రాసినట్టు లేదు. మనిషి ఒంటి వేడి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది కదా.”

నాకు నిప్పు తొక్కినట్టయింది. తప్పు బయటపడ్డప్పుడు గొంతు పెంచితే అవతలివాడు తగ్గుతాడని నాకు బజారు నేర్పింది.

“చూడమ్మాయ్, నువ్వు మార్కుల కోసం వచ్చావు. మేం ప్రాణం కోసం వచ్చాం. మా కాగితం దిద్దడానికి నువ్వెవరు?”

ఆ పిల్ల మొహం పాలిపోయింది. అద్దం వైపు చూసింది. అద్దంలో మా ముగ్గురి మొహాలే ఉన్నాయి.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నేను తిన్నగా మేడమ్ గదికి వెళ్లాను. నలభై ఐదేళ్లుంటాయి ఆవిడకి, నెమ్మదస్తురాలు.

“మేడమ్, మీ పిల్ల మరీ భయస్తురాలు. మా అన్నయ్య ఒక్కసారి కూడా దగ్గలేదు. జ్వరం లేదు. కాగితం చూడండి. ఆ చిక్కటి నీళ్లు తాగలేక మనిషి ఎండిపోతున్నాడు. మామూలు నీళ్లు ఇప్పించండి.”

నా లెక్క ఏమిటంటే, దొంగచాటుగా ఇస్తున్నదానికి క్లినిక్ ముద్ర పడిపోతే ఇక దాచేది ఉండదు. దొంగ సరుకుకి అసలు బిల్లు దొరికినట్టు.

మేడమ్ కాగితం చదివింది. “మింగేటప్పుడు ఎక్స్‌రేలో వీడియో తీసి చూసే పరీక్ష ఒకటుంది. పెద్దాసుపత్రిలో మన వంతు రావడానికి ఇంకో మూడు వారాలు పడుతుంది. కాగితం ఇంత బాగుంటే ఈలోపు ఇక్కడే జాగ్రత్తగా ప్రయత్నించవచ్చు. గురువారం ముందు చెంచాలతో, తరవాత గ్లాసుతో. బాగుంటే ఇంట్లో రోజుకి మూడు గ్లాసులు ఇవ్వండి.”

బేరం గెలిచి బయటికొచ్చాను.

బుధవారం పొద్దున కొట్టుకి ఒక ఇల్లాలు వచ్చింది. గోడకి చెమ్మ ఎక్కుతోందట, కొళాయి మాత్రం ఎక్కడా కారడం లేదట, అంటే పైపు బాగున్నట్టే కదా అని అడిగింది. వందలమందికి చెప్పిన మాటే ఆవిడకీ చెప్పాను.

“అమ్మా, బయటికి చిమ్మే లీకుతో భయం లేదు, కనపడుతుంది, కట్టేస్తాం. చప్పుడు లేకుండా గోడలోపలికి పోతుందే, దానితోనే ప్రమాదం. మీకు తెలిసేసరికి పునాది నానిపోయి…”

నోరు అక్కడే ఆగిపోయింది. ఆవిడ నా మొహంలోకి చూసి, “నానిపోయి?” అంది. నేను గల్లాపెట్టె పట్టుకుని నిలబడ్డాను. దగ్గలేదు, దగ్గలేదు అని పది రోజులుగా నేను దేన్ని చూసుకుని మురిసిపోతున్నానో అదే కదా ఇది.

కొట్టు పనివాడికి అప్పజెప్పి ఇంటికి పరిగెత్తాను. అన్నయ్య మంచం మీద ఒరిగి ఉన్నాడు. పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టాను. గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు ఇరవై ఆరు. నా ఊపిరి లెక్కపెట్టుకున్నాను, పద్దెనిమిది. మళ్లీ ఆయనది లెక్కపెట్టాను. ఇరవై ఏడు. ఛాతీలో, లోతుగా, హుక్కాలో గడగడలాడినట్టు సన్నటి చప్పుడు.

అంత తెలిసీ, మధ్యాహ్నం వదిన స్నానానికి వెళ్లగానే ఆయన చెయ్యి చాచాడు. ఎడమ కన్ను కొట్టాడు. నేను ‘వద్దన్నయ్యా’ అనడానికి నోరు తెరిచాను. ఆ మాట నా నోట్లో ఎన్నడూ పుట్టలేదు. పుట్టడానికి దానికి చోటే లేదు. గ్లాసులో ఎప్పటికంటే తక్కువ పోశాను. అదే నా ధైర్యం.

సాయంత్రం జ్వరం నూరు దాటింది. గురువారం పొద్దున్నే జ్వరం బిళ్ల నలిపి తేనెలో కలిపి పెట్టాను. క్లినిక్‌కి చేరేసరికి ఒళ్లు చల్లబడింది. ట్రైనీ పిల్ల జ్వరం చూస్తే తొంభై ఎనిమిదే వచ్చింది. నేను తల తిప్పుకున్నాను.

ఆ రోజు ఆ పిల్లకి పరీక్ష కూడానట. అద్దం వెనక మేడమ్‌తో పాటు ఇంకో ముగ్గురు విద్యార్థులు కూర్చున్నారని కౌంటరావిడ చెప్పింది. బల్ల మీద గాజు గ్లాసులో నీళ్లు. పక్కన చెంచా. అన్నయ్య ఆ గ్లాసుని పెళ్లిపీటల మీద కూర్చున్నవాడిలా చూస్తున్నాడు.

మొదటి చెంచా. “ఆ అనండి అంకుల్.”

“ఆ…”

రెండో చెంచా. ఆ పిల్ల మెడ మీద స్టెతస్కోపు ఉంచి కళ్లు మూసుకుంది. మూడో చెంచా తరవాత చాలాసేపు కదల్లేదు. తరవాత శూన్యంలోకి చూసింది. చెవిలో మాట వచ్చిందని తెలుస్తూనే ఉంది. గ్లాసు ఎత్తమని చెప్పి ఉంటారు.

ఆ పిల్ల గ్లాసు ఎత్తలేదు. దాని మూతి మీద అరచెయ్యి బోర్లించింది.

“నేను ఇవ్వలేను మేడమ్,” అంది అద్దంతో. “తడి ఇంకా వినపడుతోంది. పోయిన గురువారం కంటే ఎక్కువగా ఉంది. కాగితంలో బాగుందని ఉంది, కానీ… ఆ కాగితం మీద నాకు నమ్మకం లేదు.”

నావైపు చూడలేదు. అద్దం వెనక ఏం జరుగుతోందో తెలియదు.

అన్నయ్య ఎడమ చెయ్యి బల్ల మీదికి వచ్చింది. ఆ పిల్ల చేతి కిందినుంచి గ్లాసు లాగుతున్నాడు. “నీళ్లు.” ఆ పిల్ల వదల్లేదు. నీళ్లు కొన్ని బల్ల మీద ఒలికాయి. “అంకుల్, ప్లీజ్,” అంటోంది. ఆయన బలం నాకు తెలుసు. ఒంటి చేత్తో మూడంగుళాల ఇనప పైపు ఎత్తినవాడు.

నేను లెక్క చూసుకున్నాను. నోరు మూసుకుంటే ఈ పిల్ల పరీక్ష పోతుంది, నేను పెద్దమనిషినై ఇంటికి వెళతాను, అన్నయ్యకి రోజుకి మూడు గ్లాసులు. నోరు తెరిస్తే ఈ గదిలో ఉన్నవాళ్ల ముందూ, కనపడనివాళ్ల ముందూ నా పరువు పోతుంది, అన్నయ్యకి ఇక నీళ్లే లేవు. ఎన్నిసార్లు చూసుకున్నా రెండు వైపులా తూగింది అన్నయ్యే. నాకు భయమేసింది. ఆయన చచ్చిపోతాడని ఎంత భయమో, ఆయన నన్ను చూసే చూపంటే అంతే భయం. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రెండూ తూచడానికి నాకు టైము పట్టింది.

గ్లాసు ఆయన చేతిలోకి వచ్చేసింది.

“ఇచ్చాను,” అన్నాను. “నేనే ఇచ్చాను. పదకొండు రోజులనుంచి. రోజూ మధ్యాహ్నం. కాగితం అబద్ధం. జ్వరం కూడా ఉంది, పొద్దున బిళ్ల వేసి తీసుకొచ్చాను.”

అన్నయ్య చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్ల మెల్లగా గ్లాసు తీసుకుని దూరంగా పెట్టింది. ఆయన నావైపు తిరిగాడు. కొట్టులో దొంగతనం చేసి దొరికిన పనివాణ్ణి కూడా ఆయన అలా చూడలేదు.

తలుపు తెరుచుకుని మేడమ్ వచ్చింది. అన్నయ్య వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న క్లిప్పు తగిలించింది. దాని మీద తొంభై ఒకటి అని పడింది. ఆ అంకె ఎంత ఉండాలో నాకు తెలియదు. మేడమ్ మొహం చూసి తెలుసుకున్నాను.

“అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి,” అంది.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ, నీళ్లు దిగి పట్టిన న్యుమోనియా. మూడు రోజులు మందు నరంలోకి ఎక్కించారు. నాలుగో రోజు కాస్త తెరిపిన పడ్డాక, మూడు వారాల తరవాత రావాల్సిన వీడియో పరీక్ష తీశారు. తెరమీద అన్నయ్య పుర్రె, మెడ ఎముకలు. ఆయన మింగిన మందునీళ్లు నల్లగా కనిపిస్తున్నాయి. నాలుక మీదినుంచి జారి, మూత పడకముందే, సన్నటి నల్లదారంలా ఊపిరితిత్తుల పైపులోకి దిగిపోయాయి. ఆయన దగ్గలేదు. దవడ కూడా కదల్లేదు. డాక్టరు వెనక్కి తిప్పి మళ్లీ చూపించాడు.

“ఆ చోట స్పర్శ పోయింది. అందుకే దగ్గు రాదు. ఇలా ఎన్ని రోజులు తాగించారు?”

వదిన నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడ ముందు మళ్లీ చెప్పాను, పదకొండు అని. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ ఫ్లాస్కు నా పక్కన పెట్టి, “నన్ను స్నానానికి కూడా పోనివ్వకుండా చేశావు కదయ్యా,” అంది. అంతే.

ఆరో రోజు ట్రైనీ పిల్ల వార్డుకి వచ్చింది, భుజాన సంచీతో, అదే వదులు కోటుతో. మేడమ్ కింద డాక్టరుతో మాట్లాడుతోందట, ఈలోపు చెంచాలు మొదలుపెట్టమందట. నేను స్టూలు మీదినుంచి లేచాను.

“పరీక్ష పోయిందా అమ్మా?”

“పోలేదు సార్. కానీ మేడమ్ తిట్టారు. సోమవారం కాగితం మీద అనుమానం వస్తే గురువారం దాకా ఎందుకు ఆగావని.”

“ఎందుకాగావు?”

ఆ పిల్ల సంచీలోంచి పొడి డబ్బా తీసి మూత తిప్పుతోంది. “మీరంటే భయమేసింది సార్. మీరు రాసింది కాగితం మీద కనిపిస్తోంది. నేను విన్నది నా చెవిలో తప్ప ఇంకెక్కడా లేదు. నా చెవి తప్పేమో అనుకున్నాను. మూడు రాత్రులు నిద్ర లేదు.”

“ఇప్పుడు భయం పోయిందా?”

“లేదు సార్. ఇవాళ పొద్దున్నే బస్సులో కూడా అదే. మీ అన్నయ్యకి చెంచా పట్టాలంటే భయంగానే ఉంది.”

నాకు ధైర్యం చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు, భయమంది కాబట్టి నమ్మాను.

“నాకు ఆయన్ని కాదనడం చేతకాదమ్మా,” అన్నాను. “అసలు సంగతి అది. నీ దగ్గర నేను దాచాల్సింది ఇంకేమీ లేదు. ఇంటికెళ్లాక మళ్లీ చెయ్యి చాస్తే నేను ఏం చేస్తానో నాకే తెలియదు.”

ఆ పిల్ల గ్లాసు నీళ్లలో పొడి వేసి చిక్కబడేదాకా తిప్పింది. చెవిలో యంత్రం లేదు, చెప్పేవాళ్లూ లేరు. “అయితే ఇంటికెళ్లకముందే నేర్చుకోవాలి సార్,” అని స్టూలు మంచం పక్కకి జరిపింది. “నేను పట్టను. మీరే పట్టండి.”

పక్క మంచం దగ్గర ఎవరిదో నీళ్ల సీసా ఉంది. అన్నయ్య కళ్లు దాని మీదే. నేను చిక్కటి నీళ్ల చెంచా ఎత్తగానే ఆ సీసా వైపు గడ్డం చూపించాడు.

“నీళ్లు.”

ఆ పిల్ల నావైపు చూసింది. సాయం రాలేదు.

“వద్దన్నయ్యా,” అన్నాను.

చెంచా మీద ఎడమ చేత్తో ఒక్క దెబ్బ వేశాడు. నీళ్లు నా చొక్కా మీద జిగురుగా అతుక్కున్నాయి. మళ్లీ ముంచాను. మళ్లీ కొట్టాడు. వార్డులో అందరూ చూస్తున్నారు. నాకు యాభై రెండేళ్లు. తొమ్మిదేళ్లవాడిలా ముక్కు ఎగబీల్చుకుంటూ మూడోసారి చెంచా ముంచాను.

“వద్దన్నయ్యా. ఇదే తాగాలి. ఆ నీళ్లు నీకు ఇవ్వను.”

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. నోరు మెదిలింది. ఏదో కూడదీసుకుంటున్నాడు.

“వె…ధవా,” అన్నాడు.

ఆ పిల్ల చేతిలో డబ్బా మూత కింద పడింది. నెలన్నరలో మూడో మాట అది. వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది, నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. అన్నయ్య కళ్లు నామీదినుంచి తీసేసి, గోడవైపు చూస్తూ, నోరు తెరిచాడు. గడ్డం దించాడు. మింగాడు.

ట్రైనీ పిల్ల ఆయన మెడ మీద స్టెతస్కోపు ఆనించింది. వింటుందనుకున్నాను. తన చెవులకి పెట్టుకోలేదు, తీసి నా చెవులకి తగిలించింది.

“ఇంట్లో నేనుండను సార్. మీరు వినాలి.”

విన్నాను. గాలి చప్పుడు. ఏదో టక్కుమన్న చప్పుడు. మళ్లీ గాలి. తడి ఉందో లేదో, అది మంచి చప్పుడో చెడ్డ చప్పుడో నాకేం తెలియలేదు. ముప్పై ఏళ్లలో నా చేతిలో పడ్డ ఏ సరుకూ నన్ను అలా తెల్లబోయేలా చేయలేదు.

“ఎలా ఉంది?” అన్నాను.

“మీరు చెప్పండి సార్.”

“తెలియట్లేదమ్మా.”

“మళ్లీ పట్టండి.”

ఇంకో చెంచా పట్టాను. ఈసారి కళ్లు మూసుకుని విన్నాను.